పరుపులాయన దురద

ఆ రోజు ఉదయం దాదా ఖలందర్ వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. ఆళ్లగడ్డ నుంచి పెందరాళే బయలుదేరాలి. నంద్యాలలో సుగుణమ్మ నడిపే ఆడపిల్లల హాస్టలుకు నమూనా పరుపు చేర్చాలి. ఆవిడ చేత బాగుందనిపించుకోవాలి. మధ్యాహ్నం అన్నం వేళకు ఇంట్లో ఉండాలి. ఈ మొత్తం కార్యక్రమంలో గోక్కోవడానికి ఎక్కడా చోటు పెట్టలేదు. అక్కడే పథకం దెబ్బతింది.

దూది ఏకి పరుపులు కుట్టడం ఖలందర్‌కు వాళ్ల నాయన నేర్పిన పని. ఆళ్లగడ్డలో ఒకప్పుడు పెళ్లి కుదిరిందంటే శుభలేఖ కన్నా ముందు ఆ కొట్టుకు కబురు వచ్చేది. ఇప్పుడు జనం ఫోనులో వేలు పెడితే చాలు, స్పాంజి పరుపు చాపలా చుట్టుకుని గుమ్మంలోకి వచ్చి పడుతోంది. ఏకే మిషను వారంలో సగం రోజులు దుప్పటి కప్పుకుని పడుకుంటోంది. సుగుణమ్మ హాస్టల్లో బ్యాంకు పరీక్షల కోచింగుకు వచ్చే పిల్లలుంటారు. ఆ హాస్టలు మొత్తానికి పరుపులు కుట్టే పని దొరికితే కొట్టు నిలబడుతుంది. లేకపోతే షట్టరు దించేసి, బనగానపల్లెలో బామ్మర్ది మామిడి మండీలో గంపలు మోస్తూ బతకాలి. బామ్మర్ది మంచివాడే. ఆ మంచితనం రోజూ చూడాల్సి వస్తుందనే ఖలందర్ బెంగ.

ఇక దురద సంగతి. ఎండాకాలంలో నడుం దగ్గర, సరిగ్గా లుంగీ ముడి పడేచోట, చిన్న తామర బిళ్ల లేచింది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. మిఠాయిలమ్మేవాడు గోక్కుంటే జనం మనిషిని చూస్తారు. పరుపులమ్మేవాడు గోక్కుంటే పరుపును చూస్తారు. అందుకని ఖలందర్ కొట్టు మూసి, వెనక్కి వెళ్లి, గోడకు వీపు చేర్చి, పరుపులు కుట్టే దబ్బనంతో రహస్యంగా గోక్కునేవాడు.

పక్కింటి ఫ్రాన్సిస్ ఒక్కడికే ఆ రహస్యం తెలుసు. ఎందుకంటే అతనికీ అదే ఉంది. ఫ్రాన్సిస్‌ది ఆటో. అతను ఏదో మందుల షాపులో "దురద" అని ఒక్క మాట అంటే, షాపులో మనిషి తల కూడా ఎత్తకుండా ఒక ట్యూబు అందించాడు. ఫ్రాన్సిస్ అది రాసుకున్నాడు. రెండు రోజుల్లో దురద మాయమైంది. ఆ నాటి నుంచి అతను ఆటో తక్కువ నడిపి ఆ ట్యూబును ఎక్కువ నడిపాడు. ఖలందర్ కూడా రాసుకున్నాడు. దురద పోగానే ఆపేశాడు. కొన్నాళ్లకు బిళ్ల కాస్తా పళ్లెమై తిరిగి వచ్చింది. మళ్లీ రాశాడు, మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. రాసిన ప్రతిసారీ పోతోంది కనుక మందు బ్రహ్మాండంగా పనిచేస్తోందని ఇద్దరూ తేల్చుకున్నారు.

అంత మంచి మందును ఒక్కరే ఉంచుకోవడం న్యాయం కాదు కదా. ఖలందర్ భార్య అమీర్‌బీ బుగ్గల మీది మంగుకు అదే రాసుకుంది. నెల తిరక్కుండా మొహం తెల్లబడింది. "రంగు తేలినావే!" అని ఖలందర్ మెచ్చుకున్నాడు. ఫ్రాన్సిస్ కూతురు ఏంజెల్ సుగుణమ్మ హాస్టల్లోనే ఉండి చదువుకుంటోంది. సెలవులకు వచ్చి చెయ్యి గోక్కుంటుంటే, ఆ పిల్లకూ ఖలందరే తన చేత్తో ఒక ట్యూబు ఇచ్చి, "దండిగా రాసుకో తల్లీ, నీ స్నేహితులకు కూడా ఇయ్యి" అని దీవించి పంపాడు.

ఆ ఉదయం అమీర్‌బీ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, మొగుడు దబ్బనంతో నిలబడి ఉండడం చూసింది.

"ఏమయ్యా, పరుపు కుట్టేదా, నిన్ను కుట్టుకునేదా?"

"గమ్మునుండు. ఎవరన్నా ఇంటారు."

"ఇననీ. నంద్యాలకే పోతాండావు కదా. ఆడ చర్మాల డాక్టరమ్మ ఉండాదంట. చూపిచ్చుకొని రా."

"డాక్టరమ్మ కాడ కూర్చుంటే నలుగురు చూస్తారే. పరుపులాయనకు తామరంట అని మాపటికి రుద్రవరం దాకా పోతాది."

"చూపిచ్చుకోకుంటే తామర పోతాది రుద్రవరం దాకా," అని అమీర్‌బీ కొంగును బుగ్గల మీదికి లాక్కుని మళ్లీ పొయ్యి దగ్గరకు వెళ్లింది. ఈ మధ్య ఆమె సెగ దగ్గర మొహం కప్పుకునే కూర్చుంటోంది. ఎందుకని ఖలందర్ అడగలేదు. ఆ రోజు అతనికి తన నడుం తప్ప మరేమీ కనిపించడం లేదు.

సుగుణమ్మ ముందు గోక్కోకూడదు. అంతే. అందుకని ట్యూబులో మిగిలిందంతా పిండి, రొట్టెకు వెన్న పట్టించినట్టు నడుం చుట్టూ పట్టించాడు. దాని మీద ఇస్త్రీ ప్యాంటు ఎక్కించి, బెల్టు బిగించాడు. ఫ్రాన్సిస్ ఆటో టాపు మీద పరుపు కట్టుకుని ఇద్దరూ బయలుదేరారు. శిరివెళ్ల దాటేసరికి ఎండ ముదిరింది. బెల్టు కింద చెమటా క్రీమూ కలిసి ఏదో వండుకోవడం మొదలుపెట్టాయి.

సుగుణమ్మ పెద్ద మనసున్న మనిషి, పెద్ద గొంతున్న మనిషి కూడా. పరుపును మేడ మీది గదిలో మంచం మీద వేయించి, చేత్తో నొక్కి, మూలలు పట్టి చూసి, కుట్లు లాగి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూసింది. చుట్టూ పిల్లలు మూగారు. వాళ్లలో ఏంజెల్ కూడా ఉంది.

"బాగుండాది ఖలందరూ. మనిషి పడుకుంటే గుంత పడుతుందేమో చూడాల. ఏదీ, నువ్వే పడుకో."

"నేనా మేడం?"

"నువ్వు కాకుంటే నేను పడుకునేదా, పిల్లోళ్ల ముందర?"

ఖలందర్ పడుకున్నాడు. పడుకోగానే బెల్టు పైకి జరిగింది, దురద మేల్కొంది. మొదట పళ్లు బిగించాడు. తర్వాత ఫ్యాను రెక్కల వైపు చూస్తూ అల్లా పేరు తలుచుకున్నాడు. ఆ తర్వాత చేతులు కదలకుండా పరుపు సాయంతోనే పని కానిద్దామని ఇటు దొర్లాడు, అటు దొర్లాడు.

"ఏందప్పా అట్ల దొర్లుతాండావు?"

"నాలుగు దిక్కులా ఒకే తీరు మెత్తగుండాదని చూపిస్తాండా మేడం."

సుగుణమ్మ మెచ్చుకోలుగా తలాడించింది. ఇంకొక్క నిమిషం అతను అలాగే దొర్లి ఉంటే పని ఖాయమయ్యేది. కానీ మనిషి ఓర్పుకు హద్దుంటుంది. ఖలందర్ కుడిచెయ్యి యజమాని అనుమతి అడగకుండా చొక్కా కిందికి దూరి, ఆత్రంగా, ఆనందంగా, చప్పుడయ్యేలా గోకేసింది.

"నల్లి!" అని ఒక పిల్ల కేక పెట్టింది.

అంతే, పిల్లలందరూ కుర్చీలూ మంచాలూ ఎక్కేశారు. ఖలందర్ ఉలిక్కిపడి లేచాడు. అతను పడుకున్న చోట పరుపు గుడ్డ మీద అరచేతి వెడల్పున జిడ్డు మరక తేలింది. ఆ మరక చూసి పిల్లలు ఇంకో కేక పెట్టారు. సుగుణమ్మ కత్తెర తెప్పించి, మారు మాట లేకుండా పరుపును నిలువునా చీల్చి, రెండు చేతులా దూది కెలికింది. పైన ఫ్యాను తిరుగుతోందని ఎవరికీ గుర్తులేదు. ఏకిన దూది గదంతా లేచింది. నల్లుల కోసం వెతుకుతున్న సుగుణమ్మ కాసేపటికి పిల్లలకు కనిపించడం కూడా మానేసింది.

"నల్లి లేదు," అని దూదిలోంచి ఆవిడ గొంతు వినిపించింది. "శుభ్రంగుండాది. మరి ఎందుకు గోక్కున్నావప్పా?"

నిజం చెప్పడానికి అదే సమయం. తామర అన్న మాట ఖలందర్ నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో అతనికి షట్టరు దించిన కొట్టు, మామిడి గంపలు, బామ్మర్ది చిరునవ్వు వరుసగా కళ్ల ముందు మెదిలాయి.

"ఆటోలో మేడం... సీట్లో ఏందో కరిసినట్టుండాది."

"ఆటోదా! అదీ సంగతి. ఐతే నీ తప్పేం లేదు. చీల్చినానని ఏమనుకోవద్దు. ఈ పిల్లోళ్లు పొద్దస్తమానం గోక్కుంటాండారు. పాత పరుపుల్లో నల్లులు పడినాయని కొత్తవి కుట్టిస్తాండా. మళ్లా నల్లుల్నే తెచ్చుకుంటానా? కొన్నాళ్లు ఆగి చెప్తాలే."

చీల్చిన పరుపును భుజాన వేసుకుని ఖలందర్ మెట్లు దిగాడు. గేటు దగ్గర ఫ్రాన్సిస్ ఆటోకు ఆనుకుని, చేతిలో ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. పైన జరిగిందంతా ఏంజెల్ అప్పటికే నాయనకు చెప్పేసింది. ఫ్రాన్సిస్ ఒక్క మాటే అన్నాడు.

"ఎక్కన్నా."

దారిలో గుంతలన్నీ ఏరి ఏరి ఎక్కించాడు. టాపు మీద చీలిన పరుపు లోంచి దూది పింజలు పింజలుగా ఎగిరి నంద్యాల రోడ్డంతా పడుతుంటే ఆపి సర్దుకుందామనే ధైర్యం కూడా ఖలందర్‌కు కలగలేదు. పదేళ్లుగా ఆ మనిషి తన పరుపులను మోశాడు. తన రహస్యాన్ని కూడా మోశాడు. అలాంటివాడి బండి మీద నింద వేసినందుకు ఖలందర్ సిగ్గుతో కుంచించుకుపోయాడు. సిగ్గుకు దురద తగ్గదని కూడా ఆ ప్రయాణంలోనే తెలిసింది.

ఆళ్లగడ్డ ఆటో స్టాండులో ఫ్రాన్సిస్ బండి ఆపి, వెనక సీటును ఊడబెరికి, అందరి మధ్యా నేల మీద పడేశాడు.

"అందరూ సూడండప్పా! నా ఆటోలో నల్లులుండాయంట. నంద్యాలలో, నా బిడ్డ సదువుకునే చోట, అందరి ముందర ఈయన చెప్పినాడు. యాడుండాయో సూపియ్‌మనండి!"

డ్రైవర్లు గుమిగూడారు. ఒకరు సీటును తిరగేశారు, ఒకరు కుట్లు విప్పారు, ఒకరు సెల్లు లైటు వేసి లోపలికి చూశారు. నల్లి దొరకలేదు. ఖలందర్ గొంతు సవరించుకుని క్షమాపణ చెప్పబోతున్నాడు. అంతలో ఒక పెద్దాయన సీటు లోని దూదిని వేళ్లతో నలిపి చూసి అడిగాడు.

"ఈ సీటు కుట్టింది ఎవరు?"

తలలన్నీ ఖలందర్ వైపు తిరిగాయి. ఆ సీటు కుట్టింది ఎవరో అక్కడ తెలియనివాళ్లు లేరు. స్టాండులో సగం ఆటోల సీట్లు కుట్టింది కూడా అతనే.

"ఖలందరన్నే కదా," అన్నాడొకడు నెమ్మదిగా. "అంటే నల్లి ఆటోది కాదు. దూదిది."

ఈ వాదనలో ఉన్న బలం ఖలందర్‌కు కూడా అర్థమైంది. నల్లి ఉందని చెప్పింది తనే. సీటు కుట్టింది తనే. దూది అమ్మింది తనే. ఇక మిగిలింది జనం ఇళ్లకు వెళ్లి తమ తమ పరుపులను చూసుకోవడమే. ఆ పని వాళ్లు ఎంతో చురుగ్గా చేశారు. పొద్దు వాలేలోగా వీధిలో ప్రతి మిద్దె మీదా, ప్రతి పిట్టగోడ మీదా పరుపులు ఆరేశారు. వీధి చివరి జానకమ్మ తన పెళ్లినాటి పరుపును రోడ్డు మీదికి ఈడ్పించి, రోకలితో బాదించింది. ఆ పరుపు కుట్టింది ఖలందర్ వాళ్ల నాయన. ప్రతి దెబ్బా ఖలందర్ వీపు మీదే పడినట్టనిపించింది.

"ఇప్పుడేం చేస్తావు?" అంది అమీర్‌బీ, గడపలో నిలబడి వీధిలోకి చూస్తూ.

"బనగానపల్లెకు పోతా."

"నీ మొగం. పొద్దున్నే లెయ్. నంద్యాలకు పోదాం, డాక్టరమ్మ కాడికి. నల్లులోడు అని పేరు పడేదానికన్నా తామరోడు అనిపిచ్చుకునేది మేలు. తామరకన్నా మందుండాది."

మర్నాడు ఇద్దరూ బస్సులో వెళ్లారు. ఎవరూ గుర్తుపట్టకుండా ఖలందర్ తువ్వాలును తలకూ మొహానికీ చుట్టుకున్నాడు. నంద్యాలలో చర్మవ్యాధుల డాక్టరు షాహీన్ దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక మూల బెంచీ మీద ఖాళీ దొరికితే కూలబడ్డాడు. పక్కన ఎవరున్నారో చూడలేదు.

"ఖలందరూ!"

ఆ గొంతును తువ్వాలు ఆపలేదు. సుగుణమ్మ ఏంజెల్‌నూ, ఇంకో ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని కూర్చుని ఉంది.

"ఆ తువ్వాలేందప్పా, పన్ను నొప్పా? సరే, నువ్వు కనపడింది మంచిదైంది. పిల్లోళ్లకు రాత్రంతా కునుకు లేదు. ఇంక ఆగేది లేదు. హాస్టలు మొత్తానికి పరుపులు నీకే ఇస్తాండా. ఈ పొద్దే మొదలుపెట్టు. ఆ ఆటోలో మాత్రం తేవాకు!"

షట్టరు పైకి లేచింది. మిషను దుప్పటి తీసేసి దూది ఏకడం మొదలుపెట్టింది. బామ్మర్ది మామిడి గంపలు తనే ఎత్తుకుంటున్నాడు. "అట్లే మేడం, అట్లే," అన్నాడు, తువ్వాలు లోపలే నవ్వుతూ.

"ఐతే ఇంక మనం ఈడెందుకు?" అని సుగుణమ్మ లేచింది. "ఇంత మంది అయ్యేదెప్పుడు, మనం లోపలికి పొయ్యేదెప్పుడు? నల్లులకు డాక్టరేందే? పరుపులు మారితే అవే పోతాయి. పాండి, క్లాసుకు టైమైతాంది."

పిల్లలు లేచారు. ఏంజెల్ లేస్తూ మోచేతిని గోక్కుంది. చుడీదారు చెయ్యి పైకి జరిగింది. చేతి నిండా ఎర్రటి వలయాలు, ఒకదాని మీద ఒకటి, అంచులు గట్టి, నడుమ కాస్త చర్మం రంగు. అవి ఎలాంటివో ఖలందర్‌కు అద్దం అక్కర్లేకుండానే తెలుసు.

"ఏంజెలూ, అదేంది తల్లీ?"

"నల్లులు పెద్దనాయనా. నువ్విచ్చిన క్రీమే రాస్తాండా. రూములో అందరం అదే రాస్తాండాం. రాస్తే తగ్గుతాది, ఆపితే ఎక్కువొస్తాది. మొన్నటిదాకా చేతికే ఉండె. ఇప్పుడు మెడకూ వచ్చినాది." ఆ పిల్ల మెడ వంచి చూపించింది. కళ్ల కింద నిద్ర లేని నలుపు. "పరీక్ష ముందర కూర్చోలేకపోతాండా పెద్దనాయనా."

ఇప్పుడు ఖలందర్ చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడం. నోరు మూసుకుని కూర్చుంటే సుగుణమ్మ వెళ్లిపోతుంది, పని దక్కుతుంది, కొట్టు నిలుస్తుంది. పిల్లలు కొత్త పరుపుల మీద పడుకుని గోక్కుంటారు. అమీర్‌బీ అతని వైపు చూసింది. తను దీవించి ఇచ్చిన ట్యూబు ఆ పిల్ల సంచీ లోంచి తొంగి చూస్తోంది.

"మేడం, ఆగండి. అవి నల్లులు కాదు."

"నీకెట్ల తెలుసు?"

ఖలందర్ తువ్వాలు విప్పేశాడు. లేచి నిలబడ్డాడు. అంతమంది ముందు చొక్కా పైకెత్తి, బెల్టు కొంచెం దించి, ఒక పక్కకు తిరిగాడు. సుగుణమ్మ చప్పున కళ్లు మూసుకుంది. మూసుకున్నాక అనుమానం వచ్చి ఒక కన్ను తెరిచింది. ఆ కన్ను అతని నడుం మీది నుంచి ఏంజెల్ చేతి మీదికి వెళ్లింది. మళ్లీ నడుం మీదికి వచ్చింది. అప్పుడు రెండో కన్ను కూడా తెరిచింది.

"పరుపులో ఏం లేదు మేడం. ఆటోలో ఏం లేదు. ఉండేదంతా నాలోనే. ఇది తామర. నిన్న సిగ్గయి అబద్దం చెప్పినా. ఈ పిల్లకు ఆ క్రీమిచ్చింది నేనే. డాక్టరమ్మకు చూపిచ్చకుండా తీసకపోవాకండి."

హాల్లో ఎవరూ నవ్వలేదు. అక్కడ కూర్చున్నవాళ్లంతా ఎక్కడో ఒకచోట గోక్కునేవాళ్లే కదా. ఒక ముసలాయన జరిగి అతనికి కూర్చోవడానికి చోటిచ్చాడు.

డాక్టరు షాహీన్ వాళ్లందరినీ ఒకేసారి లోపలికి పిలిచింది. చిన్న వయసు, పెద్ద కళ్లద్దాలు. ఖలందర్ నడుం చూసింది, పిల్లల చేతులు చూసింది, ఏంజెల్ ఇచ్చిన ట్యూబును వెలుతురులో పెట్టి చదివింది. నిట్టూర్చింది.

"ఈ పొద్దు నేను చూసిన వాళ్లలో సగం మంది దీన్ని రాసుకోనే వచ్చినారన్నా. ఇందులో స్టెరాయిడ్ ఉండాది. అది దురదను నిద్రపుచ్చుతాది, అంతే. దురద పోయిందని మీరు ఆపుతారు. తామర మాత్రం లోపల మేలుకోనే ఉంటాది, దండిగా మేస్తాది. చూడు, నడుమంతా తిరిగింది. దీన్ని ఎవరు రాయమన్నారు?"

"నాకు ఫ్రాన్సిస్ చెప్పినాడమ్మా."

"ఆయన డాక్టరా?"

"ఆటో."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. వేరే క్రీము రాసిచ్చింది. స్నానం చేసి, తడి పూర్తిగా ఆరాక పల్చగా రాయమంది. మచ్చ దాటి చుట్టూ వేలెడు మేర రాయాలి, రాశాక చేతులు కడుక్కోవాలి, ఒకరి ట్యూబు, ఒకరి తువ్వాలు ఇంకొకరు ముట్టకూడదు. బిగుతు బెల్టు కొన్నాళ్లు గోడకే ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, దురద పోయినా తను చూసి చాలనేదాకా ఆపకూడదు.

"దురద పోయినాక ఎందుకమ్మా?" అన్నాడు ఖలందర్ ఆశగా.

"నువ్వు పరుపు సగం కుట్టి, పైకి బాగనే కనపడతాంది కదా అని ఇచ్చేస్తావా?"

డాక్టరమ్మ జవాబు కోసం ఆగలేదు. ఆమె అతని భుజం మీదుగా వెనక నిలబడ్డ అమీర్‌బీని చూస్తోంది.

"అమ్మా, కొంగు తియ్యి."

అమీర్‌బీ తీయలేదు. డాక్టరమ్మ లేచి వెళ్లి మెల్లగా తనే తీసింది. కిటికీ వెలుతురులో ఆ బుగ్గలను ఖలందర్ మొదటిసారి సరిగ్గా చూశాడు. తను రంగు తేలిందని మురిసిన చోట చర్మం ఉల్లిపొరలా పల్చబడి, లోపలి ఎర్ర నరాలు పైకి కనిపిస్తున్నాయి.

"పొయ్యి కాడ మండుతాందా?"

"మండుతాదమ్మా. ఎండకు కూడా. రాయకుంటే ఇంకా ఎక్కువ మండుతాది. రంగొచ్చిందని ఈయన సంతోషపడె. అందుకని..."

ఖలందర్ తల దించుకున్నాడు. ఇన్ని నెలలూ తన నడుం గురించి ఊరు ఏమనుకుంటుందో ఆలోచించాడు గానీ, పక్కనే ఉండి మండిపోతున్న మొహాన్ని చూడలేదు. దుఃఖం వచ్చింది. డాక్టరమ్మ ముందు ఏడిస్తే బాగుండదని తువ్వాలు మళ్లీ చుట్టుకుందామని చూశాడు. "ఆ తువ్వాలు వాడొద్దు, ముందు ఉడికిచ్చాల," అంది డాక్టరమ్మ.

"తగ్గుతాదా అమ్మా?" అని మాత్రం అడిగాడు.

"తగ్గుతాది. బేగా తగ్గదు. మొగానికి ఈ తామర మందు కూడా వద్దు, వేరేది ఇస్తా. ఎండలోకి పంపాకు. నేను చెప్పినప్పుడల్లా తీసకరావాల."

"తెస్తానమ్మా. ఎన్నిసార్లైనా తెస్తా."

అమీర్‌బీ అతని వైపు చూసి, ఎందుకో నవ్వింది. నవ్వితే బుగ్గలు మండాయి కాబోలు, వెంటనే ఆపేసింది.

ఇంతసేపూ లెక్కేదో తేల్చుకుంటున్న సుగుణమ్మ ముందుకు వచ్చింది. "డాక్టరమ్మా, ఐతే మా పరుపుల్లో నల్లులు లేనట్టేనా?"

"నల్లులు కరిసింది ఒక్కరికి కూడా లేదు. అందరికీ తామరే."

"ఐతే పాత పరుపులు బాగనే ఉండాయి."

"బాగనే ఉంటాయి."

సుగుణమ్మ నెమ్మదిగా ఖలందర్ వైపు తిరిగింది. ఆ చూపులో జాలి ఉంది, గౌరవం ఉంది, పరుపుల పని మాత్రం లేదు. అవి నల్లులు కాదని చెప్పిన క్షణమే ఖలందర్ హాస్టలు పాత పరుపుల్లో కూడా నల్లులు లేవని రుజువు చేసేశాడు. ఇక కొత్తవి ఎందుకు?

"ఏమనుకోవద్దు ఖలందరూ," అంది సుగుణమ్మ. జీవితంలో మొదటిసారి ఆవిడ గొంతు చిన్నదైంది.

"ఏమనుకునేది లేదు మేడం. పిల్లోళ్లు నిద్రపోతే చాలు," అన్నాడు ఖలందర్. నిజంగానే అన్నాడు. అన్నాక బనగానపల్లె బస్సు ఎన్నింటికో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు.

డాక్టరమ్మ పిల్లలకు చీటీలు రాస్తూ, "పక్క గుడ్డలు, పరుపు గలీబులు తరచూ వేన్నీళ్లలో ఉతికి ఎండెయ్యాల," అంది.

"గలీబులు యాడివమ్మా?" అంది సుగుణమ్మ. "పరుపు మీద దుప్పటి, దుప్పటి మీద పిల్ల. అంతే."

"ఐతే కుట్టిచ్చు. ఒకటి ఉతికితే ఒకటి వేసుకునేట్టు, మంచానికి రెండు. దిండ్లకు కూడా."

ఖలందర్ చేతులు దబ్బనం పట్టి పురికొసతో కుట్టే చేతులు. సన్నటి గుడ్డ చేతికొస్తే చింపుతాడని ఊరంతా ఎరుగును. ఇంట్లో కుట్టుమిషను ఉన్నది అమీర్‌బీకి. ఆమె కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది.

"నేను కుడతా మేడం. గుండీలుండవు, నాడాలే. తీసేది వేసేది సులువు. బట్ట నేనే తెస్తా. ఈయన కొలతలు తీస్తాడు."

"నేనా?" అన్నాడు ఖలందర్.

"ఐతే నీకే ఇస్తాండా అమీర్‌బీ. హాస్టలు మొత్తానికి," అంది సుగుణమ్మ. ఆవిడ గొంతు మళ్లీ మామూలు పెద్దదైంది. "పక్క వీధి హాస్టలు ఆమెకు కూడా చెప్తా. ఆమె పిల్లోళ్లు కూడా గోక్కుంటాండారు."

ఊరికి తిరిగి వచ్చి ఖలందర్ తిన్నగా ఆటో స్టాండుకు నడిచాడు. ఫ్రాన్సిస్ మొహం తిప్పుకున్నాడు. ఖలందర్ అందరి ముందూ చొక్కా ఎత్తాడు. ఇప్పుడతనికి అది అలవాటైపోయింది. "తమ్ముడూ, నీ ఆటోలో ఏం లేదు. నాకు తామర. నీ మీద తోసినా, తప్పైపోయినాది," అన్నాడు. ఏంజెల్ మెడ సంగతీ, డాక్టరమ్మ ట్యూబు గురించి చెప్పిందీ చెప్పాడు. కూతురి మాట వినగానే ఫ్రాన్సిస్ కోపం జారిపోయింది. "ఆ పాడు ట్యూబు తెచ్చింది నేనే కదన్నా," అని కళ్లు తుడుచుకుంటూ తన చొక్కా ఎత్తాడు. దాంతో పక్క ఆటో డ్రైవరు తనదీ చూడమన్నాడు. కాసేపట్లో స్టాండులో సగం మంది చొక్కాలెత్తి, ఒకరిది ఒకరు పోల్చి చూసుకుంటున్నారు. మర్నాడు రెండు ఆటోల నిండా జనం నంద్యాల డాక్టరమ్మ దగ్గరకు వెళ్లారు. వీధిలో మిద్దెల మీది పరుపులు దిగాయి. జానకమ్మ తన పరుపును లోపలికి తీసుకెళ్తూ, బాగా ఎండిందని మెచ్చుకుంది.

పరుపుల కొట్టు షట్టరు దిగలేదు. దూది మిషను వెనక్కి జరిగింది, దాని చోట అమీర్‌బీ కుట్టుమిషను నీడ పట్టున వచ్చి కూర్చుంది. హాస్టలు తర్వాత హాస్టలు అడుగుతోంది. ఖలందర్ కొలతలు తీస్తాడు, బట్ట కత్తిరిస్తాడు, నాడాలు తిప్పుతాడు, వంకరగా తిప్పితే మాటలు పడతాడు. కొత్త మందుకు కొద్ది రోజుల్లోనే దురద పోయింది. ఒక ఉదయం స్నానం చేసి వచ్చి, "ఇంక చాలేమోనే, దురదే లేదు కదా," అని మెల్లగా అన్నాడు. అమీర్‌బీ మిషను ఆపలేదు, తల కూడా ఎత్తలేదు.

"డాక్టరమ్మ చాలన్న పొద్దు చాలు."

కొట్లో కొత్తగా పనికి కుదిరినవాడు యజమానురాలికి ఎదురు చెప్పడం మంచిది కాదని, ఖలందర్ ట్యూబు మూత తీశాడు.